చేసిపెట్టడమేనా సేవ?



వృద్ధులైన తల్లిదండ్రులకు సేవ చేయడాన్ని మన కుటుంబాలు మహాభాగ్యంగా భావిస్తాయి. పక్షవాతంతో మంచానపడిన తండ్రికి అన్నం కలిపి నోటికందించే కుమారుణ్ణి చూసి బంధువులు దుఆలు ఇస్తారు. బుద్ధివికాసంలో వెనుకబడిన బిడ్డకు పన్నెండేళ్ళు నిండినా తానే స్నానం చేయించి, తానే బట్టలు తొడిగే తల్లి ఓర్పును నలుగురూ కొనియాడతారు. ఆ ప్రేమను గాని, ఆ ఓర్పును గాని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. అయితే ఒక ప్రశ్న అడగక తప్పదు. ఆ తండ్రి తన చేత్తో తాను తినగలిగే మార్గం ఏదైనా ఉన్నదా అని ఎవరైనా వెతికారా? ఆ బిడ్డకు చొక్కా గుండీ పెట్టుకోవడం ఒక్కొక్క మెట్టుగా నేర్పి చూశారా? రేపు ఆ కుమారుడు బతుకుతెరువు కోసం దూరదేశం వెళితే, ఎల్లుండి ఆ తల్లి కన్నుమూస్తే వారి గతి ఏమిటి?

మన సేవ ఎదుటివారిని వారి కాళ్ళ మీద నిలబెడుతున్నదా, లేక మనం లేనిదే పూట గడవని స్థితిలో ఉంచుతున్నదా? ఈ నెల ఈ విషయాన్ని కొంత వివరంగా ఆలోచిద్దాం.

వైద్యరంగంలో ఈ ప్రశ్న చుట్టూనే పెరిగిన శాఖ ఒకటున్నది. దాని పేరు ఆక్యుపేషనల్ థెరపీ. కొందరు దీనిని 'వృత్తి చికిత్స' అని తెనిగిస్తారు. ఆ మాట వినగానే ఇదేదో ఉద్యోగులకో, కార్మికులకో సంబంధించినదన్న భ్రమ కలుగుతుంది. వాస్తవానికి ఉదయం లేచింది మొదలు రాత్రి పడుకునేవరకు మనిషి కాలాన్ని నింపే ప్రతి పనీ ఈ శాఖ దృష్టిలో 'వృత్తి'యే. పళ్ళు తోముకోవడం, మరుగుదొడ్డికి వెళ్ళిరావడం, వుజూ చేసుకోవడం, వంట, చదువు, అంగడికి వెళ్ళి సరుకు తెచ్చుకోవడం అన్నీ ఇందులోకే వస్తాయి. పసివానికి ఆటే వృత్తి. తాతకు మనుమణ్ణి బడిదాకా దిగబెట్టి రావడం వృత్తి. జబ్బు వల్లనో, ప్రమాదం వల్లనో, పుట్టుకతోనో, వయోభారంతోనో ఈ పనులు చేసుకోలేకపోతున్నవారు తిరిగి వాటిని చేసుకునేలా తోడ్పడడమే ఈ చికిత్స లక్ష్యం.

చాలామంది దీనిని ఫిజియోథెరపీ అనే అనుకుంటారు. రెండూ తోబుట్టువులే గాని ఒకటి కావు. గోదావరి సీమవారికి ఈ తేడా చెప్పడం తేలిక. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయి కాలువల్లో నీరు పారింది. కాలువ నిండినంత మాత్రాన చేను పండదు. పంటబోదెలు తవ్వి, గట్లు సరిచేసి, ఆ నీటిని మడిమడికీ చేర్చాలి. ఫిజియోథెరపీ కండరానికి బలాన్ని, కీలుకు కదలికను తిరిగి తెచ్చే ప్రయత్నం చేస్తుంది. వచ్చిన బలం కొంచెమే అయినా దానిని చెంబు పట్టుకోవడానికి, బొత్తాం పెట్టుకోవడానికి, గడప దాటడానికి మళ్ళించడం ఆక్యుపేషనల్ థెరపీ పని. బలం ఇక రాదని తేలినప్పుడు కూడా ఈ చికిత్స చేతులెత్తేయదు. మనిషిని మార్చలేనప్పుడు పని తీరును, పనిముట్టును, పరిసరాలను మారుస్తుంది.

ఈ శాఖ ఒక వ్యవస్థగా రూపుదిద్దుకున్నది 1917లో, అమెరికాలో. మొదటి ప్రపంచయుద్ధంలో కాళ్ళూచేతులూ కోల్పోయినవారిని, మనసు చెదిరినవారిని తిరిగి జీవితంలోకి తేవలసిన అవసరం దీనికి ఊతమిచ్చింది. మన దేశానికి దీనిని తెచ్చిన ఘనత కమలా నింబ్కర్ గారిది. ఆమె అమెరికాలో పుట్టి, భారతీయుణ్ణి వివాహమాడి ఈ దేశాన్నే తన దేశం చేసుకున్నారు. 1950లో ముంబయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఆమె ఈ విద్యకు తొలి పాఠశాల నెలకొల్పారు. 1952లో అఖిల భారత సంఘం ఏర్పడింది. అదే ఏడాది స్థాపితమైన ప్రపంచ సమాఖ్యకు మూలసభ్యులైన పది దేశాలలో భారతదేశం ఒకటి. ఇంత పాత చరిత్ర ఉన్నప్పటికీ మన పల్లెల్లో, మన పేటల్లో ఈ పేరు విన్నవారు తక్కువ. అందుకే వయసుల వారీగా కొన్ని ఉదాహరణలు మీ ముందుంచుతున్నాం.

మొదట పిల్లల సంగతి. మా ఎరుకలోని ఒక బాలుడు ఎనిమిదేళ్ళవాడు. పాఠం ఒప్పజెప్పడంలో చురుకైనవాడు. పలక మీదగాని, పుస్తకంలోగాని రాయమంటే మాత్రం ఏడుపు ముఖం పెట్టేవాడు. కలాన్ని విరిగిపోయేటంత గట్టిగా పట్టేవాడు. నాలుగు వరుసలు రాసేసరికి చేయి నొప్పి. పైజామా నాడా ముడివేసుకోవడం కూడా రాదు. ఇంట్లోవారు సోమరి అన్నారు, బడిలో మొండి అన్నారు. చివరకు ఒక చికిత్సకురాలు పరీక్షించి, బాలుని వేళ్ళలోని చిన్న కండరాలకు పట్టు చాలదనీ, కన్నూ చేయీ కలిసి పనిచేయడంలో ఇబ్బంది ఉన్నదనీ తేల్చారు. కలానికి మందపాటి రబ్బరు తొడుగు వేయించారు. నేలబారుగా రాయించకుండా, రెహల్ మీద పుస్తకం ఉన్నట్టు ఏటవాలు బల్ల మీద రాయించారు. ఇక ఇంటి దగ్గర చేయించిన 'వ్యాయామం' ఏమిటనుకున్నారు? రొట్టెల పిండి పిసకడం, ఆరేసిన బట్టలకు క్లిప్పులు పెట్టడం, చింతపిక్కలు ఏరడం, అచ్చనగిల్లలు, వామనగుంటలు ఆడడం. మన నానీలు, దాదీలు వానాకాలపు మధ్యాహ్నాలు పిల్లలతో ఆడిన ఆటలే ఇవి. ఏడాది తిరిగేసరికి ఆ బాలుని దస్తూరి ముత్యాల కోవ కాలేదు గాని, రాయమంటే పారిపోవడం మానాడు. తన నాడా తానే కట్టుకుంటున్నాడు.

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల విషయంలో ఈ చికిత్స ఎంత త్వరగా మొదలైతే అంత మేలు. 'పెద్దయితే వాడే నేర్చుకుంటాడులే' అని ఏళ్ళు గడపడం ఆ బిడ్డకు అన్యాయం. మెడ నిలపడం, కూర్చోవడం, నడవడం, మాటలు, చూపు కలపడం ఆలస్యమవుతున్నాయని అనుమానం కలిగిన రోజే పిల్లల వైద్యునికి చూపించాలి.

రెండవది పనిచేసే వయసు. కోనసీమలో కొబ్బరి దింపు కార్మికుని బతుకు చెట్టు మీదే. కాలు జారితే వెన్నెముకకే దెబ్బ. ప్రాణం దక్కినా నడుము కింద స్పర్శ పోయినవారి కథలు మన చుట్టుపక్కల ఊళ్ళలోనే వింటుంటాం. అటువంటి ఇంట్లో మొదటి శత్రువు మంచమే. స్పర్శ లేనిచోట ఒత్తిడి పుండ్లు పడతాయి. అందుకే పడకలో ఉన్నవారిని రెండేసి గంటలకొకసారి ఒత్తిగిలేలా చేయాలి. తర్వాత మంచం మీదినుంచి చక్రాల కుర్చీలోకి తానే జరగడం నేర్పుతారు. ఆపైన గడప సమస్య. వరదకు భయపడి డెల్టాలో ఇళ్ళ పునాదులు ఎత్తుగా కడతాం. ఆ ఎత్తే కుర్చీలో ఉన్నవానికి కోటగోడ అవుతుంది. ర్యాంపు కట్టించేటప్పుడు అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు ఉండాలన్నది నియమం. రెండడుగుల అరుగుకు ఇరవై నాలుగడుగులు. వాకిట్లో అంత స్థలం లేకపోతే మధ్యలో మలుపు తిప్పుకోవచ్చు. నిటారుగా కట్టిన ర్యాంపు చూడడానికి ఉంటుంది గాని, వాడడానికి ప్రమాదం.

బయటకు రాగలిగినవానికి ఇక పని కావాలి. చెట్టెక్కలేని మనిషికి కొబ్బరి గురించి తెలిసినదంతా మరుపుకు రాదు. కాయను చూసి, చేత్తో తట్టి దాని నాణ్యం చెప్పగల నేర్పు అతని వద్ద ఉన్నది. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు ఎరిగినవారికి ఆ నేర్పు విలువ తెలుసు. కాయలు తరం వారీగా వేరుచేయడం, తూకం, లెక్క, పీచుతాడు పేనడం వంటివి కూర్చుని చేయగలిగినవే. మంచి చికిత్సకుడు 'నీకేమి పోయింది?' అని మాత్రమే అడగడు. 'నీకేమి వచ్చు?' అని కూడా అడుగుతాడు.

మూడవది మన ఇల్లాళ్ళ సంగతి. ఇంట్లో అందరికీ వండిపెట్టిన మనిషికి పక్షవాతం వచ్చి ఒక చేయి చచ్చుబడితే, 'ఇక నువ్వు విశ్రాంతి తీసుకో' అంటాం. ఆమెకు అది విశ్రాంతిలా ఉండదు, పదవి ఊడినట్టుంటుంది. కత్తిపీట ముందు నేల మీద కూర్చుని రెండు చేతులతో తరిగే అలవాటు ఇక సాగదు. కానీ ఒక చెక్కపలకకు రెండు తుప్పుపట్టని మేకులు కిందినుంచి పైకి దిగగొట్టి, వంకాయనో, ఉల్లిపాయనో వాటికి గుచ్చితే ఒంటిచేత్తో తరగవచ్చు. పలక జారకుండా కింద తడిగుడ్డ పరిస్తే చాలు. పొయ్యి ఎత్తుకు తగిన స్టూలు, గిన్నె తిరగకుండా ఆపే చట్రం, బరువు ఎత్తకుండా జరుపుకునే ఏర్పాటు ఉంటే ఆమె మళ్ళీ తన వంటింటికి యజమానురాలవుతుంది.

నరసాపురం పరిసరాల్లో లేసు అల్లే స్త్రీలకు, ఆత్రేయపురంలో పూతరేకులు తీసే స్త్రీలకు వేళ్ళే ఆస్తి. కీళ్ళవాతం వచ్చినప్పుడు అల్లిక సూదికి లావుపాటి పిడి వేసుకోవడం, పనిని చిన్న చిన్న విడతలుగా పంచుకోవడం, మెడ వంచకుండా పనినే కంటి ఎత్తుకు తెచ్చుకోవడం వంటి మార్పులతో ఎందరో తమ సంపాదన నిలుపుకోగలరు. నొప్పి భరించలేనంత అయ్యాక పని మానేయడం కంటే, నొప్పి మొదలైనప్పుడే పని తీరు మార్చుకోవడం మేలు.

నాలుగవది వృద్ధాప్యం. ఇక్కడ ఒక సున్నితమైన విషయం చెప్పాలి. కుడిచేయి పడిపోయిన పెద్దలు కొందరు ఎడమచేత్తో తినడానికి ఒప్పుకోరు. కుడిచేత్తో తినడం ప్రవక్త సంప్రదాయమని చిన్ననాటినుంచి పాటించినవారు మరి. కుడిచేయి పనిచేయనివానికి ఎడమచేత్తో తినడంలో దోషం లేదని ధర్మవేత్తలు స్పష్టంగా చెప్పారు. ఈ మాట వారికి ఇంట్లోవారు చెబితే నమ్మకపోవచ్చు. ఇమాము గారిచేతనో, తెలిసిన ఆలిముచేతనో చెప్పించండి. మరొకటి కూడా వారిని బాధిస్తుంది. పనిచేసే ఆ ఒక్క చేయే శౌచానికీ, అన్నానికీ వాడవలసి రావడం. దీనికి గొట్టపు షవరు అమర్చి, సబ్బుతో శుభ్రపరచుకునే ఏర్పాటు చేతికందేలా ఉంచితే ఆ జుగుప్స తగ్గుతుంది. అయితే ముద్ద మింగేటప్పుడు పొలమారడం, దగ్గు రావడం ఉంటే మాత్రం తినిపించే ముందే వైద్యుని సలహా తీసుకోవాలి.

ఒక పెద్దాయన మాతో అన్న మాట మరువలేనిది. "మౌల్వీ సాబ్, కాలు పోయిందన్న దిగులు తగ్గింది. కోడలు వచ్చి నన్ను కడగవలసి వచ్చిన రోజే నేను చచ్చిపోయాననుకున్నాను" అన్నారాయన. ఆ కోడలు ఎన్నడూ విసుక్కున్నది కాదు. అయినా ఆయన హయా ఆయనను దహించింది. తర్వాత ఆ ఇంట్లో జరిగిన మార్పు చాలా చిన్నది. మరుగుదొడ్డి గోడకు రెండు పట్టుకమ్మీలు, కమోడ్ కుర్చీ, జారని చాప, రాత్రంతా వెలిగే చిన్న దీపం, పైజామాకు బదులు లుంగీ. మూడు వారాల సాధన తర్వాత ఆయన తన శౌచం తానే చేసుకోగలిగారు. ఆ ఇంటికి ఆ ఖర్చు ఒక పెళ్ళి విందులో మిగిలిపోయే అన్నం విలువ చేయదు.

వుజూకు కుళాయి పక్కన గట్టి స్టూలు, తిప్పే కుళాయికి బదులు మోచేత్తో నొక్కగల పిడి కుళాయి ఉంటే ఒంటిచేత్తో సాగుతుంది. బట్టలు తొడిగేటప్పుడు బలహీనమైన చేతిని ముందు దూర్చాలి, విప్పేటప్పుడు బలమైన చేతిని ముందు తీయాలి. పక్షవాతం వచ్చిన చేతిని పట్టి లాగి లేపకూడదు. భుజం కీలు తప్పే ప్రమాదమున్నది. మతిమరుపు జబ్బు ఉన్నవారికి రోజంతా ఒకే క్రమంలో నడవడం ఎంతో ఊరట. ఐదు పూటల అజాన్ మన ఇళ్ళకు సహజంగా దొరికిన దినచర్య. దాని చుట్టూ తిండి, స్నానం, నిద్ర వేళలను అమర్చితే తికమక తగ్గుతుంది.

నిలబడలేనివాడు కూర్చుని, కూర్చోలేనివాడు పడుకుని, కదలలేనివాడు సైగతో నమాజు చేయవచ్చునన్నది మనకందరికీ తెలిసిన ధర్మం. ఆ సడలింపులోని క్రమాన్ని కాస్త గమనించండి. చేయలేనివానిని నమాజు నుంచి తొలగించలేదు, అతని శక్తికి తగిన రూపంలో ఆ పనిని అతని చేతికే అప్పగించారు. హదీసు గ్రంథాల్లోని ఒక ఉదంతం కూడా ఇక్కడ తలచుకోదగినది. యాచించడానికి వచ్చిన ఒక అన్సారీ ఇంట్లోని కంబళిని, పాత్రను దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) రెండు దిర్హములకు అమ్మించారు. ఒక దిర్హముతో ఇంటికి తిండి, మరొకదానితో గొడ్డలి కొనిపించారు. ఆ గొడ్డలికి తామే స్వయంగా పిడి బిగించి, కట్టెలు కొట్టుకు రమ్మని అతణ్ణి పంపారు. చేతికి తగిన పిడి బిగించి ఇవ్వడమూ సేవయే.

దీనికి ఇళ్ళలో వినబడే అభ్యంతరాలు రెండు. "మేమింతమందిమి ఉండగా అబ్బా ఎందుకు కష్టపడాలి? నలుగురూ ఏమనుకుంటారు?" అన్నది మొదటిది. నలుగురి మాట కోసం ఒక మనిషిని మంచానికి కట్టివేయడం ధర్మం కాదు. "ఆయన చొక్కా తొడుక్కోవడానికి పావుగంట పడుతుంది, మేము రెండు నిమిషాల్లో తొడిగేస్తాం" అన్నది రెండవది. ఇందులో నిజమున్నది. అభ్యాసానికి కాలం కావాలి. అందుకే రోజుకు ఒక్క పని ఎంచుకోండి. ఆ పనిని మెట్లుగా విడదీయండి. చివరి మెట్టు మాత్రం వారికి వదలండి. చొక్కా మీరు తొడిగి, ఆఖరి గుండీ వారిచేత పెట్టించండి. అది వచ్చాక దాని ముందరి మెట్టు. ఏ పని నేర్వాలో కూడా వారినే అడగండి. మనకు ముఖ్యమనిపించినది వారికి ముఖ్యం కాకపోవచ్చు. ఇంట్లో ఈ భారమంతా ఒక్క కోడలి మీదో, ఒక్క కుమార్తె మీదో పడుతున్నదేమో కూడా చూసుకోండి. పెద్దాయన తన పని తాను చేసుకోగలిగితే సేద తీరేది ఇద్దరికి.

ఇంటి చిట్కాలు చికిత్సకు ప్రత్యామ్నాయం కావు. పెద్ద ఆసుపత్రుల పునరావాస విభాగాల్లో ఆక్యుపేషనల్ థెరపిస్టు ఉన్నారేమో అడిగి తెలుసుకోండి. పట్టా పొందినవారేనా అన్నది చూసుకోండి. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్యవృత్తుల చట్టం ఈ వృత్తిని గుర్తించింది. బుద్ధిమాంద్యత గల పిల్లల తల్లిదండ్రులకు సికింద్రాబాదులో 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ మార్గదర్శనం చేస్తుంది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. పాత చట్టంలో ఏడుగా ఉన్న వైకల్యాల జాబితా ఇందులో ఇరవై ఒకటికి పెరిగింది. ఆటిజం, కండరాల క్షీణత, పార్కిన్సన్స్ వంటివి ఇందులో చేరాయి. సదరం ధ్రువపత్రం కోసం సచివాలయంలో విచారించండి. పేద వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు, వినికిడి యంత్రాలు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ పథకం 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే ప్రారంభమైంది. పింఛను తీసుకోవడం మన హక్కు. అయితే పింఛను కడుపు నింపుతుంది గాని గడప దాటించదు. గడప దాటించే సాధనాన్ని కూడా అడిగి తీసుకోవాలి.

మస్జిదు కమిటీలకు, మదరసా నిర్వాహకులకు ఒక విన్నపం. రాజమహేంద్రవరం మొదలు కాకినాడ, అమలాపురం, భీమవరం, ఏలూరు వరకు మన మస్జిదుల్లో పాలరాతి నేలలు, షాండిలియర్లు కనబడుతున్నాయి. సంతోషమే. వుజూఖానాలో రెండు ఎత్తైన పీటలు, ఒక పట్టుకమ్మీ, ద్వారం వద్ద సరైన ర్యాంపు, జారని నేల కూడా ఉన్నాయేమో ఈ జుమా నాడు పరిశీలించండి. మీ మొహల్లాలో జుమాకు రావడం మానుకున్న పెద్దలెవరో లెక్క తీయండి. వారి ఇంటికి వెళ్ళి, రాలేకపోవడానికి కారణం కాళ్ళా, మెట్లా అని అడగండి. మెట్లే అయితే ఆ అడ్డు తొలగించడం మన చేతిలోనే ఉన్నది.

మన పెద్దలు, మన పిల్లలు ఎంత కాలం మనతో ఉంటే అంత కాలం తమ పనులు తాము చేసుకునే గౌరవంతో ఉండేలా తోడ్పడే వివేకాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.